సూపు వచ్చేదాకా

పొద్దున పదకొండు కొట్టేసరికి ఆ భోజనశాల వంటింట్లో రోజూ ఒకటే తంతు. కోడలు గరిటెడు సూపు తీసి చిన్న గిన్నెలో పోస్తుంది. అత్తగారు కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, రెండుసార్లు ఊదుకుని, నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటుంది. కోడలు గరిటె పట్టుకుని తీర్పు కోసం నిలబడుతుంది.

"ఉప్పు చాలలేదు."

"ఎంత వెయ్యమంటారు?"

"రెండు చిటికెలు. నీవి కావు, నావి."

కోడలి చిటికె అత్తగారి చిటికెలో సగం. అందుకని నాలుగు వేస్తుంది. అత్తగారు మళ్ళీ చూసి, "ఏదో, తినొచ్చు" అంటుంది. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన మెప్పు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

కోడలికి రుచి తెలియక ఆరేళ్ళయింది. వాసన తెలుస్తుంది, వేడి తెలుస్తుంది, ఉల్లిపాయ ఏ క్షణంలో ఎర్రబడుతుందో చప్పుడు విని చెప్పేస్తుంది. ఉప్పూ పులుపూ తీపీ మాత్రం నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టే ఉంటాయి. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, నాలుకకి ఏ రోగమూ లేదని పంపించేశాడు. అప్పట్నుంచీ వండే చెయ్యి కోడలిది, రుచి చూసే నాలుక అత్తగారిది. ఇద్దరూ కలిస్తే ఒక వంటమనిషని పక్కకొట్టు దర్జీ వేళాకోళం చేసేవాడు, చేస్తూనే రెండో గిన్నె అడిగేవాడు.

రుచి పోయింది మొగుడు కనపడకుండా పోయిన వారంలో. ఆ రోజు కూడా ఇలాగే పదకొండు గంటల వేళ. పెద్ద కత్తి మొద్దుబారి టమాటాలు తెగడం మానేసి చితుకుతున్నాయి. సాన పట్టించుకు రమ్మని నాలుగు రోజులుగా చెప్తోంది, అతను రేపు రేపంటున్నాడు. బయట గది నిండా జనం. కోడలు విసిగిపోయి కత్తిని తన ఆకుపచ్చ గళ్ళ తువ్వాల్లో చుట్టి అతని చేతిలో పెట్టి, "దీనికి పదును పెట్టించేదాకా ఈ గడప తొక్కకు" అంది. అతను మూట చంకలో పెట్టుకున్నాడు. ఏటి అవతల సంతకి సాన పట్టేవాడొచ్చాడని విని అటు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

సాన పట్టేవాడు ఆ సాయంత్రమే చక్రం సర్దుకుని వేరే ఊళ్ళు పట్టుకు పోయాడు కాబట్టి అడగడానికి లేదు. ఏరు నిండుగానే ఉంది గానీ వంతెన చెక్కుచెదరలేదు, శవమూ దొరకలేదు. బస్సెక్కుతుంటే చూశామని ఒకరు, ఫలానా ఊళ్ళో ఎవరితోనో కాపురం పెట్టాడని ఒకరు, తలో మాట అన్నారు. అత్తగారు ఆ వారమంతా ఆస్పత్రిలో ఉంది, కళ్ళ ఆపరేషనై, రెండు కళ్ళకీ కట్టుతో. అతను కత్తి తీసుకుని వెళ్ళాడన్నది అందరికీ తెలుసు. తువ్వాలు సంగతీ, గడప దగ్గర తనన్న మాటా కోడలు ఎవరికీ చెప్పలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదని తెలిసి, ఆ నోరు మళ్ళీ విప్పడానికి భయపడింది.

ఇలా ఉండగా నిరుడు రొట్టెలాయన అడిగాడు. వీధి చివర బట్టీ ఆయనదే. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే ఆరింటికి రొట్టెల బుట్ట దించి, బుట్టకేసే చూస్తూ, తనతో ఉండటం ఇష్టమేనా అన్నాడు.

"మొగుడు ఉన్నదాన్నో పోయినదాన్నో నాకే తెలియదు. మీకేమని చెప్పను?" అంది కోడలు.

"తెలిసినప్పుడే చెప్పు. రొట్టెలు రోజూ తెస్తూనే ఉంటాగా" అని ఆయన వెళ్ళిపోయాడు. అత్తగారు కిటికీ దగ్గర పీట మీదే ఉంది. విననట్టు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

ఆ భోజనశాలలో సూపు కంటే ముందు ఒక చిన్న పళ్ళెం వస్తుంది. తొలి పళ్ళెం అంటారు. మొగుడు మొదలుపెట్టిన ఆనవాయితీ అది. ఆకలిని కూడా పొయ్యిలాగే ముందు సన్నటి పుల్లతో అంటించాలనేవాడు. కాల్చిన రొట్టెముక్క మీద ఏదో ఒకటి, రెండు కొరుకుళ్ళంత. అతను పోయాక కూడా కోడలు మానలేదు. కానీ ముల్లంగీ, జున్నూ, ఉప్పుచేపా, మళ్ళీ ముల్లంగీ తిరిగి తిరిగి అవే వస్తుంటే తినేవాళ్ళకే కాదు, ఆమెకీ విసుగు పుట్టింది.

తొలకరి పడిన మూడో రోజు కొత్తదేమైనా దొరుకుతుందేమోనని సంతకి వెళ్ళింది. చివరి వరసలో, ఎవరూ ఆగని చోట, ఒక ముసలావిడ గోనెపట్టా మీద బూడిదరంగు గడ్డలు పోసుకుని కూర్చుంది. ఒక్కోటీ బొటనవేలంత ఉంది.

"ఏంటివి?"

"బూడిదగడ్డలు."

"ఎక్కడ కాస్తాయి?"

"కూలిపోయిన ఇళ్ళల్లో, పొయ్యి ఉండే మూల. మొదటి వానకి పైకొస్తాయి. నలభై రోజులుంటాయి, అంతే."

కోడలు ఒకటి తీసి వాసన చూసింది. ఎవరూ లేని ఇంటి తలుపు తీసినప్పుడు వచ్చే వాసన. అయినా ముక్కు దగ్గర్నుంచి తియ్యబుద్ధి కాలేదు.

"ఎలా వండాలి?"

"సన్నగా తరిగి, వెన్నలో ఒక్కసారి తిప్పి దించెయ్. తినేటప్పుడు ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంచుకోవాలి."

"కుర్చీ ఎందుకు?"

"వచ్చినవాళ్ళని నిలబెడితే ఏం బాగుంటుంది?" అంది ముసలావిడ, ఈమాత్రం తెలియదా అన్నట్టు.

కోడలు బుట్టెడు తెచ్చింది. తరిగితే లోపల తెల్లగా, చెట్టుమొద్దులో ఉన్నట్టు చుట్లు చుట్లుగా గీతలు. వెన్నలో వెయ్యగానే వంటిల్లంతా ఒక్కసారి చల్లబడినట్టయింది. మొదటి ముక్క ఎప్పటిలాగే అత్తగారికిచ్చింది. ఇక్కడ పొగకి రుచి తెలియడం లేదంటూ ఆవిడ పళ్ళెం తీసుకుని సామాన్లగదిలోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాదు. వచ్చాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది అత్తయ్యా?"

"ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చున్నా."

"ఎలా ఉంది మరి?"

"ఉప్పు సరిపోయింది. పెట్టు."

ఉప్పు సరిపోయిందని అత్తగారు అనడం కోడలు వినడం అదే మొదలు. పనుల హడావుడిలో ఆ సంగతి పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నం మొదటి పళ్ళెం లెక్కల మాస్టారికి వెళ్ళింది. ఆయన ఒక కొరుకు కొరికేసరికి ఎదురుకుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది, పోయి ఇరవై ఏళ్ళయిన మనిషి. మాస్టారు బల్ల మీద ఆనించిన మోచేతులు గబగబా కిందికి దించుకున్నారు. కోడలు ఇంకో గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ తాగలేదు, మాట్లాడలేదు, కొడుకు తినడం చూస్తూ కూర్చుంది. సూపు గిన్నె బల్ల మీద పెట్టగానే ఆ కుర్చీలో ఎవరూ లేరు. ఊడుస్తుంటే కుర్చీ కింద నాలుగు ఎండు గులాబీ రేకులు దొరికాయి.

వారం తిరిగేసరికి వీధివీధంతా దానికి అలవాటుపడిపోయింది. "ఇంకో రొట్టె వెయ్యమ్మా" అన్నంత మామూలుగా "ఇంకో కుర్చీ వెయ్యమ్మా" అనేవాళ్ళు. దర్జీ తన కొట్లోంచి నాలుగు కుర్చీలు అరువిచ్చాడు. ఒకప్పుడు రైలింజను నడిపిన దర్జీ అన్నయ్య వచ్చి వెళ్ళిన చోట గుప్పెడు మసి మిగిలింది. తినేవాళ్ళ మనసులో ఎవరుంటే వాళ్ళే వచ్చేవారు. పోస్టాఫీసు గుమాస్తా భార్య కోసమని కూర్చుని, తన అత్తగారు వస్తుందేమో వస్తుందేమో అని భయపడుతూ తిన్నాడు, ఆవిడే వచ్చింది. ఆస్పత్రిలో పనిచేసే చిన్న నర్సుకి పోయినవాళ్ళంటూ ఎవరూ లేరు. ఎవరూ రాలేదు. ఆ పిల్ల బాగుందని మూడు ముక్కలు తింది.

సూపు వస్తే వెళ్ళిపోతారని అందరికీ తెలిసిపోయింది. అందుకని రెండు కొరుకుళ్ళ ముక్కని చీమల్లా గంటసేపు తినేవారు. కోడలు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తే చాలు, అప్పుడేనా అన్నట్టు చూసేవారు. ఆ చూపులు తట్టుకోలేక వెనక్కి వెళ్ళి సూపు ఇంకాసేపు మరిగించేది. సూపు అడుగంటేది. కానీ బయట వీధిలో ఇంకా జనం నిలబడి ఉంటారు, వాళ్ళకీ ఎవరో ఒకరు రావాలి. చివరికి ఎవరో ఒకరి ముందు గిన్నె పెట్టక తప్పేది కాదు.

రొట్టెలాయన కూడా ఒక రోజు తిన్నాడు. ఆయన భార్య వెళ్ళాక కుర్చీ కింద పిండి రాలి ఉంది.

"చొక్కా గుండీ ఊడింది కదా, దానికేసే చూస్తూ కూర్చుంది. పోయేముందు మాత్రం నన్ను చూసింది" అన్నాడు. ఆ పిండి చేత్తో కూడదీస్తూ, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు.

"లేదు."

ఆయన మళ్ళీ అడగలేదు.

తినడానికి ఆమెకి భయం. మొగుడు వచ్చాడా, పోయినట్టు. రాలేదా, ఆ మాట పట్టుకుని ఎక్కడో బతికి, ఆరేళ్ళుగా తన గడప తొక్కకుండా ఉన్నట్టు. ఈ రెంటిలో ఏది కోరుకోవాలో ఆమెకే తెలియలేదు. అత్తగారిని మాత్రం రెండో రోజే అడిగింది.

"మీరు తిన్నారుగా. మీకెవరొచ్చారు?"

"నేనెక్కడ తిన్నాను? నాలుక చివర తగిలించి ఊసేశా. ఈ వయసులో అలాంటివి అరుగుతాయా నాకు?"

కోడలు నమ్మింది. నమ్మకపోతే ఇంకో ప్రశ్న అడగాల్సి వస్తుంది. అయితే కొన్ని సంగతులు కంటికి తగులుతూనే ఉన్నాయి. సామాన్లగదిలో రెండు పీటలు ఎదురెదురుగా ఉండేవి. బుట్టలో గడ్డలు పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒకటి తగ్గేవి. పనులన్నీ అయ్యాక అత్తగారు సామాన్లగది నేల తానే తుడిచేది. కుండ కారుతోందనేది. కోడలు కుండ మార్చినా నేల తడిగానే ఉండేది.

ముప్ఫై ఎనిమిదో రోజు సంతలో ముసలావిడ లేదు. ఆ సాయంత్రం కోడలు గిన్నెలు తుడుస్తోంది. అత్తగారు పీట మీద నుంచి ఆ గుడ్డకేసి చూసి, "దీని మూల కూడా పోయేట్టుంది. ఆ ఆకుపచ్చ గళ్ళదీ ఇక్కడే చిరిగింది. కత్తికి చుట్టడానికి నీకు ఆ చిరుగు తువ్వాలే దొరికిందా" అంది. అనేసి ఆగిపోయింది.

కోడలు చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది.

"కత్తికి తువ్వాలు చుట్టానని మీకెవరు చెప్పారు?"

"నువ్వే ఎప్పుడో అన్నావు."

"నేనెవరికీ చెప్పలేదు. ఆ రోజు మీ కళ్ళకి కట్టు ఉంది."

అత్తగారు కిటికీలోంచి వీధిలోకి చూపు తిప్పుకుంది. తర్వాత ఆ వీధికే చెప్తున్నట్టు చెప్పింది.

"రోజూ వస్తున్నాడు. మొదటి రోజు నుంచీ. తల్లోంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు."

కోడలు పొయ్యిగట్టు పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు, ముందు కోపం వచ్చింది.

"ఇన్ని రోజులూ. పక్క గదిలో నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నాను. మధ్యలో ఒక్క గోడ. ఎలా చెప్పకుండా ఉన్నారు అత్తయ్యా?"

"వాడు వెళ్తున్నప్పుడు నేను చూడలేదే. నువ్వైనా చూశావు. నాకు కట్టు విప్పేసరికి వాడు లేడు. అందుకని చూసుకున్నా." ఆవిడ గొంతు తగ్గింది. "చెప్తే నువ్వు వెళ్ళిపోతావు. ఆ రొట్టెలాయన మంచివాడు, నాకు తెలుసు. కొడుకు ఎలాగూ పోయాడు. నువ్వు కూడా పోతే నేనెవరికి రుచి చూసిపెట్టను?"

అప్పుడు కోడలు ఆరేళ్ళుగా దాచుకున్న మాట చెప్పింది. గడప దగ్గర ఏమందో, అక్షరం పొల్లుపోకుండా.

"అందుకే దిగాడేమో నీళ్ళల్లోకి. నా మాటకే" అంది.

అతను ఎందుకు పోయాడో అత్తగారికీ తెలియదు. పీట దిగి, గూట్లోంచి ఉప్పుజాడీ దించి, ఉప్పులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి ఒక గడ్డ బయటికి తీసింది. అదే ఆఖరుది.

"ఎన్నిసార్లొచ్చినా నాకు ఆ మూట విప్పి చూపించలేదు. ఎవరికో ఇవ్వాలని అట్టేపెట్టుకున్నట్టు పట్టుకుంటాడు. రేపు సెలవు కదా. నువ్వు కూర్చో. నేను చేస్తా."

మర్నాడు మధ్యాహ్నం కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి, రెండు తప్ప. తలుపు చేరవేసి ఉంది. ఆ గదిలో కోడలు వడ్డించడమే గానీ కూర్చుని తిన్నది ఎప్పుడూ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. వంటింట్లో వెన్న చిటపటలాడింది, గది చల్లబడింది. అత్తగారు పళ్ళెం తెచ్చిపెట్టి, ఎదుటివైపు ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

కోడలు కొరికింది. నోట్లో వేడి తప్ప ఏమీ తెలియలేదు.

అతను ఎదురుగా ఉన్నాడు. జుట్టు నుదుటికి అంటుకుని, చొక్కా ఒంటికి అంటుకుని, నీళ్ళు కుర్చీ అంచు మీంచి నేల మీదికి చుక్కలుగా పడుతున్నాయి. వెళ్ళిన రోజు ఎంతవాడో అంతే ఉన్నాడు. ఇప్పుడు ఆమె అతని కంటే రెండేళ్ళు పెద్దది. ఒళ్ళో ఆకుపచ్చ గళ్ళ మూట.

ఏదైనా అడగాలనుకుంది. అడిగినా వాళ్ళు చెప్పరని తెలుసు. తను మాత్రం చెప్పొచ్చు కదా అనిపించి, "అలా అనకుండా ఉండాల్సింది" అంది.

అతను మూట బల్ల మీద పెట్టాడు. చిరిగిన మూల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా మడతలు విప్పాడు. లోపల పెద్ద కత్తి. అంచు పొడవునా సన్నటి తెల్లటి గీత, కొత్తగా సాన పట్టిన గీత, పిడి దగ్గర్నుంచి మొనదాకా ఎక్కడా తెగకుండా ఉంది. సాన పట్టించాడు. పట్టించి, తువ్వాల్లో మళ్ళీ జాగ్రత్తగా చుట్టుకుని, ఇంటికి బయల్దేరాడు. ఏటి అవతలకి వెళ్తూ కాదు, ఇవతలకి వస్తూ పోయాడు. ఇంటికి వస్తూ పోయాడు.

అతను కత్తిని తిప్పి, పిడి ఆమె వైపు పెట్టాడు. వంటింట్లో కత్తి అందించే పద్ధతి అదే, పెళ్ళైన కొత్తలో ఆమెకి నేర్పింది కూడా అతనే.

"పదును బాగా వచ్చింది" అంది కోడలు. అప్పుడు ఏడ్చింది. అతను నవ్వాడు, చూశావా అన్నట్టు.

పళ్ళెంలో గోరంత ముక్క మిగిలింది. వెనకాల వంటింటి గుమ్మంలో అత్తగారు సూపు గిన్నె పట్టుకుని నిలబడి ఉందని చూడకుండానే తెలుసు. ఆవిడ అక్కడే నిలబడిపోతే అతను ఇక్కడే ఉంటాడు. గడ్డలు ఇంకా లేవు, వచ్చే తొలకరికి ఆ ముసలావిడ వస్తుందో రాదో తెలియదు. ఇన్నాళ్ళూ ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు తనకేసి ఎందుకలా చూసేవాళ్ళో కోడలికి ఇప్పుడు తెలిసింది. తను మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

చాలాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది. అత్తగారు గిన్నెకేసి కాక కొడుకుకేసే చూస్తూ నడిచింది. సూపు తొణికి బొటనవేలి మీద పడుతున్నా ఆగలేదు. బల్ల దగ్గరికొచ్చి, ఒక్క క్షణం గిన్నె గాల్లో పట్టుకుని, కోడలి ముందు పెట్టింది.

"చల్లారకముందే తాగమ్మా" అంది.

కుర్చీలో ఎవరూ లేరు. కత్తీ లేదు, తువ్వాలూ లేదు. నేల మీద నీళ్ళు మాత్రం ఉన్నాయి. అత్తగారు గుడ్డ తెచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ కిందికి వంగి తుడవసాగింది. కోడలు చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది. మింగింది. ఇంకో చెంచా తాగింది. ఈసారి ఎంతోసేపు నాలుక మీదే ఉంచుకుంది.

"ఉప్పు చాలలేదు అత్తయ్యా."

నేల తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎంత వెయ్యమంటావు?"

"రెండు చిటికెలు. మీవి కావు, నావి."

అత్తగారు లేచి లోపలికి వెళ్ళి జాడీ తెచ్చింది. చిన్న చిటికెలు రెండు వేసి, తడి ఆరని ఆ కుర్చీలోనే కూర్చుంది. కోడలు తాగుతుంటే చూస్తూ ఉంది.

"రొట్టెలాయన పొద్దున ఎన్నింటికొస్తాడు?" అంది కాసేపటికి, ఇన్నేళ్ళుగా తెలియనట్టు.

"ఆరింటికి."

"తెలిసినప్పుడు చెప్పమన్నాడుగా. చెప్పు."

కోడలు తలూపింది. గిన్నె అడుగుదాకా తాగింది.